గాలి అయిపోయిందట

వెలిగే ఉంటుంది, కిటికీ అద్దంలో ఎర్రగా ఏదో మెరిసింది కదా, అది బ్రేకు దీపమే అయి ఉంటుంది, సాయంత్రపు ఎండ అయితే అంత కిందగా మెరవదు, అయినా ఒకే మనిషి కారులో కూర్చుని బ్రేకు తొక్కుతూ, అదే మనిషి వెనక నిలబడి దీపం వెలిగిందో లేదో ఎలా చూస్తుంది, దీనికి ఇద్దరుండాలి, ఒకరు తొక్కాలి, ఒకరు ఎడమ, కుడి, బ్రేకు అని అరవాలి, ఆల్మూట్‌కి ముప్ఫై ఏళ్ళుగా ఆ రెండో మనిషి దొరకనే లేదు, ఎలా దొరుకుతాడు, కారు వెనక ట్రైలర్ బండి తగిలించాల్సిన అవసరం వచ్చిందంటేనే ఆ రెండో మనిషి ఎక్కడో పరాయి ఊళ్ళో ఎవరి పొలంలోనో దిగిపోయి కూర్చున్నాడన్న మాట, అందుకని ట్రైలర్ వీపుని గ్లైడర్ల క్లబ్బు వంటగది కిటికీ వైపు తిప్పి నిలబెట్టి, కారు పక్క అద్దంలో కిటికీ అద్దాన్నీ, కిటికీ అద్దంలో తన దీపాలనీ తనే చూసుకునే విద్య ఆవిడ సొంతంగా నేర్చుకుంది, లోపల సాసేజ్‌లు తింటున్నవాళ్ళు ఆ ఎర్రటి మెరుపు చూసి చెయ్యి ఊపారు, నేనూ వస్తాను ఆల్మూట్ అని ఎవరూ అనలేదు, ఆవిడ అడగనూ లేదు, అడిగితే వచ్చేవాళ్ళే, కానీ మూడో మనిషి వస్తే భోజనాల బల్ల దగ్గర మూడో కుర్చీ పడుతుంది, ఆ మూడో కుర్చీ ఆవిడకి ఇష్టం లేదు, అందులోనూ ఇవాళ.

గాలి అయిపోయింది పిల్లా, దిగిపోయాను, డాన్యూబ్ నది అవతల, చోటు ఫోన్‌కి పంపిస్తాను, తొందరేం లేదు మెల్లగా రా, ఫోన్‌లో అంతే, ఇంతకన్నా ఎక్కువ మాట్లాడితే మొగుడు గేర్నోట్ నోట్లో ముత్యాలు రాలిపోతాయి, ఎందుకు దిగావు, ఎలా దిగావు అని ఆవిడా అడగలేదు, అడగకూడదు, ఆల్బ్ కొండల మీద గ్లైడర్లు ఎగరేసేవాళ్ళ ఇళ్ళల్లో అది రాయని చట్టం, ఇంజన్ లేని విమానం గాలి ఉన్నంతసేపూ ఎగురుతుంది, లేనప్పుడు దిగుతుంది, దిగినవాడి తప్పులు తెచ్చేవాళ్ళు ఎంచకూడదు, తెచ్చేవాళ్ళని రూక్‌హోలర్ అంటారు, వెనక్కి తెచ్చేవాడని, ఆ మాటకి ఆడరూపం ఉన్నా క్లబ్బులో ఎవరూ వాడరు, ఆల్మూట్ మంచి రూక్‌హోలర్ అంటారు, మంచి బూటు అన్నట్టు, ఇంకో చట్టం కూడా ఉంది, తెచ్చినవాళ్ళకి దిగినవాడు ఆ రాత్రి సత్రంలో భోజనం పెట్టించాలి, అడిగింది పెట్టించాలి, కడుపు నిండా పెట్టించాలి, లోకంలో ఇన్ని చట్టాలున్నాయి గానీ ఆల్మూట్ బతుకంతా ఈ ఒక్క చట్టం మీద నడిచింది అంటే ఎవరూ నమ్మరు.

ఎందుకంటే ఇంట్లో గేర్నోట్ బెల్లం కొట్టిన రాయి, పొద్దున పేపరు, రాత్రి వాతావరణం వార్తలు, మధ్యలో ఉప్పందించు, తలుపు వెయ్యి, నిద్రొస్తోంది, పెళ్ళైన కొత్తలో నాలో ఏదో లోపం ఉందేమో అనుకుంది, తర్వాత ఆయనలో అనుకుంది, ఆ తర్వాత అనుకోవడం మానేసింది, కానీ ఎక్కడో పరాయి పొలంలో రెక్కలు విప్పి ట్రైలర్‌లోకి నెట్టి, మట్టి చేతులు ప్యాంటుకి తుడుచుకుని, దారిలో కనపడిన మొదటి సత్రంలో కూర్చున్నాడంటే ఆ మనిషే వేరు, మొదటి గుక్క బీరు దిగేసరికి మాటలు మొదలయ్యేవి, పన్నెండేళ్ళప్పుడు చెరువు మంచు పగిలి అన్న మునిగిపోతుంటే తను ఒడ్డున నిలబడి చూడటం గురించి చెప్పింది అలాంటి బల్ల దగ్గరే, స్పెట్స్‌లె అనే ఉడికించిన పిండిముక్కలు పప్పులో కలుపుకుంటూ, తల ఎత్తకుండా, ఆల్మూట్‌కి కడుపు పోయిన ఆ ఏడాది ఇంకో సత్రంలో, బయట వాన పడుతుండగా, నాకు ఏడుపు రాలేదని నువ్వు అనుకున్నావు, కార్ల షెడ్డులో ఏడ్చాను అన్నాడు, ఆవిడ చేతిలో ఫోర్కు అలాగే ఉండిపోయింది, పిల్లలు ఆ తర్వాత పుట్టలేదు, ఇంటికొచ్చాక ఆ మాట మళ్ళీ ఎత్తనూ లేదు, తెల్లారితే మళ్ళీ పేపరు, ఉప్పందించు, ఏడాదికి రెండుసార్లో మూడుసార్లో, అదృష్టం బాగుండి వాతావరణం బాగోకపోతే నాలుగు, అవే ఆల్మూట్ కాపురం, మిగతాదంతా ఒకే కప్పు కింద ఇద్దరు అద్దెకున్నట్టు.

అందుకే ఆయన దిగిపోవాలని మనసులో కోరుకునేది, ఛీ, ఏ పెళ్ళామైనా అలా కోరుకుంటుందా, మిగతావాళ్ళ ఆడవాళ్ళు ఆకాశం కేసి చూసి దేవుడా క్షేమంగా ఇంటికి చేర్చు అనుకుంటే, ఈవిడ కళ్ళద్దాల దుకాణంలో ఎవరికో ఫ్రేము సరిచేస్తూ కిటికీలోంచి మబ్బులు కరిగిపోతున్నాయా లేదా అని చూసేది, కరిగిపోతుంటే సంతోషం, దెబ్బ తగలకూడదు, గ్లైడర్‌కి గీత పడకూడదు, ఊరికే గాలి అయిపోవాలి అంతే, ఇంత చిన్న పాపానికి నరకంలో ఏం శిక్ష వేస్తారో.

వేసేశారుగా శిక్ష, వచ్చే శనివారం కొత్త గ్లైడర్ వస్తోంది, వీపులో ఇంజన్ దాచుకున్నది, గాలి అయిపోతే ఒక మీట నొక్కితే చాలు, ఇంజన్ తల బయటికి పెట్టి గుర్రుమంటూ ఇంటికి తీసుకొచ్చేస్తుంది, ఇక ట్రైలర్ షెడ్డులో బూజు పట్టాల్సిందే, ఇంకెవరూ ఎవరినీ తెచ్చుకోనక్కర్లేదు, చేసుకున్నవాళ్ళకి చేసుకున్నంత, పోయిన ఏడాది ద్రాక్షతోటల మధ్య సందులో ఆవిడే కదా అరిచింది, అటూ ఇటూ రాతి గోడలు, ముందుకి దారి లేదు, అంత పొడుగు ట్రైలర్‌ని వెనక్కి నడపాలి, ట్రైలర్‌ని వెనక్కి నడపడమంటే దెయ్యంతో బేరం, తోక ఎడమకి పోవాలంటే చక్రం కుడికి తిప్పాలి, తిప్పితే ఎక్కువైపోతుంది, సరిచేస్తే కత్తెరలా ముడుచుకుంటుంది, తోటవాళ్ళు బుట్టలు దించి వరసగా నిలబడి నవ్వుతూ చూశారు, చెమటలు, ఏడుపు, ఇంకోసారి నాకు ఫోన్ చేశావంటే చూడు, నీ గ్లైడర్‌తో పాటు నువ్వూ అక్కడే పడుండు అంది, కోపంలో ఏదో అంటాం, కోపంలో అన్నవన్నీ మనసులో పెట్టుకుంటారా, ఈయన పెట్టుకున్నాడు, ఒక్క మాట చెప్పకుండా చలికాలంలో ఆర్డరు ఇచ్చేశాడు, మార్చిలో ఒక పొద్దున రొట్టెకి వెన్న రాస్తూ, కొత్తదానికి ఇంజన్ ఉంది, ఇక నువ్వు నా వెనక తిరగనక్కర్లేదు అన్నాడు, ఏదో బహుమతి ఇస్తున్నట్టు, ఆవిడకి గుండెలో కలుక్కుమంది, కానీ నోటికేమైంది, అబ్బ ఎంత హాయి, అనేసింది, నవ్వుతూ అనేసింది, ఆయన కాసేపు అలా చూశాడు, వెన్న రాసిన రొట్టె చేతిలోనే ఉంది, తర్వాత పేపరు తీశాడు.

ఆ చూపేంటో ఆవిడకి ఇప్పటికీ అర్థం కాలేదు, అర్థం చేసుకునే టైమూ లేదు, ముందు కొండ రోడ్డు దిగుడు వస్తోంది, ఉక్కుతాడు తగిలించానా, ట్రైలర్ ఒకవేళ కారునుంచి ఊడిపోతే దాని బ్రేకు అదే పట్టుకునేలా లాగే సన్నటి తాడు, అది కొక్కేనికి చుట్టానా లేదా, కారు వెనక ఇనప బంతి మీద ట్రైలర్ ముక్కు మూత కూర్చున్నప్పుడు టక్కుమన్న చప్పుడు గుర్తుంది, మూత పట్టుకుని పైకి లాగి చూడటం గుర్తుంది, ముందు చిన్న చక్రం పైకి తిప్పి బిగించడం గుర్తుంది, తాడు గుర్తులేదు, రోజూ చేసే పనిలో ఇదే గొడవ, చెయ్యి చేసేస్తుంది, మనసు సాక్ష్యానికి రాదు, దిగుడు అయ్యాక ఆపి చూడాలి, ఇంకోటి కూడా ఏదో తేడాగా ఉంది ఇవాళ, తగిలించేటప్పుడు ట్రైలర్ ముక్కు ఒంటి చేత్తో లేచొచ్చింది, ఎప్పుడూ నడుం పట్టేసేంత బరువుండేది, పర్వాలేదే, అరవై ఆరేళ్ళకి బలం వచ్చింది నాకు అని నవ్వుకుంది, బలం రావడమేమిటి, పిచ్చిమొహం.

దిగుడులోకి రాకముందే వేగం తగ్గించుకోవాలి, కింది గేరులోకి రావాలి, ఇంతా తెలిసి, ఆ మార్చి నాటి రొట్టెముక్క గురించి ఆలోచిస్తూ ఊరుకుంది, కారు తన బరువుతో తనే జోరందుకుంది, కొండ పక్కనించి గాలి, సరిగ్గా అప్పుడే ముసలాళ్ళని విహారానికి తీసుకెళ్ళే పెద్ద బస్సు ఒకటి ఎడమనించి దూసుకుపోయింది, బస్సు ముందు గాలితో నెట్టింది, తర్వాత తనవైపు లాక్కుంది, వెనకనించి ఎవరో భుజం తట్టినట్టు కారు చిన్నగా కదిలింది, ఒకసారి, ఇంకోసారి, మూడోసారికి భుజం తట్టడం కాదు, జుట్టు పట్టుకుని ఊపడం, ట్రైలర్ తోక ఒకసారి ఎడమ అద్దంలో, ఒకసారి కుడి అద్దంలో, కారు వీపు దాంతో పాటు ఊగుతోంది, కుడికాలు బ్రేకు మీదికి పోతోంది, వద్దు, తోక ఊపితే ఏం చేస్తావు, బ్రేకు తొక్కుతాను, చచ్చావు పో, చక్రం తిప్పి సరిచేస్తాను, మళ్ళీ చచ్చావు, కొంతమంది ఇంకా జోరు పెంచితే లాక్కుపోతుందంటారు, వాళ్ళు ఇప్పటికే చచ్చారు, మరేం చెయ్యను గేర్నోట్, ఏమీ చెయ్యకు, కాలు తీసెయ్, చక్రం రెండు చేతులా తిన్నగా పట్టుకో, దానికదే అలిసిపోతుంది, ఇది ఎప్పటి మాట, ఖాళీ రన్‌వే మీద మంచు పొడి, పాత కారులో పక్కన కూర్చుని ఆయన, అప్పుడింకా గడ్డం నల్లగా ఉండేది, ఏమీ చెయ్యకుండా ఉండటం నేర్చుకోవడమే కష్టం పిల్లా, మిగతాదంతా తేలిక, ఆవిడ కాలు తీసింది, రెండు చేతులా పట్టుకుంది, రోడ్డు చివర ఒక్కచోట చూపు నిలిపింది, ట్రైలర్ ఇంకోసారి ఊపింది, ఇంకోసారి, తర్వాత కొంచెం తక్కువగా, దిగుడు అయిపోయి రోడ్డు చదునుగా వచ్చింది, మారాం చేసి చేసి సొమ్మసిల్లిన పిల్లలా వెనక బుద్ధిగా వచ్చేసింది, బస్సులో ముసలాళ్ళు ఎప్పుడో వెళ్ళిపోయారు, ఆవిడ చచ్చి బతికిన సంగతి వాళ్ళకి తెలియదు, అసలు ఎవరికీ తెలియదు, పక్క సీటులో ఆవిడ స్వెటరు తప్ప ఎవరూ లేరు, ఏమీ చెయ్యకుండా చక్రం తిన్నగా పట్టుకోవడం, కాపురం కూడా ఇలాగే చేశాను కదా అనుకుంది, నవ్వొచ్చింది, నవ్వు వెంటనే ఏడుపు కూడా వచ్చింది.

లారీలు ఆగే చోటు కనపడగానే ఆపింది, ఉక్కుతాడు చూసింది, ఉంది, శుభ్రంగా చుట్టి ఉంది, మరేమిటి, చక్రాల్లో గాలి ఉంది, వెనక తలుపు తెరిచింది, అక్కడున్నాయి, తలుపుకి ఆనించి వరసగా నాలుగు నీళ్ళ డబ్బాలు, మూతిదాకా నిండి, గాలి గట్టిగా ఉన్న రోజు గ్లైడర్ జోరుగా పోవాలని రెక్కల్లో నీళ్ళు పోస్తారు, పొయ్యగా మిగిలిన వాటిని ఈ మహానుభావుడు తెచ్చి ట్రైలర్ తోకలో పెట్టాడు, తోకలో, బరువెప్పుడూ ఇరుసు మీద ఉండాలి పిల్లా, ముక్కు మీద కొంచెం మొగ్గాలి, తోక బరువైతే ముక్కు తేలుతుంది, ముక్కు తేలితే తోక నిన్ను నడుపుతుంది, ఎన్నిసార్లు చెప్పాడు, క్లబ్బుకి కొత్తగా వచ్చినవాళ్ళందరికీ నల్లబల్ల మీద బొమ్మ గీసి చెప్పాడు, చెప్పేవన్నీ శ్రీరంగ నీతులే, ముక్కు ఒంటి చేత్తో లేచింది ఇందుకన్నమాట, అరవై ఆరేళ్ళకి బలం రావడం కాదు, నా ప్రాణం తీసేవాడివి కదరా మొగుడా అని పైకే అనేసింది.

పక్క లారీ మెట్టు మీద చిన్న స్టవ్ పెట్టుకుని సూప్ కాచుకుంటున్న మనిషి తలెత్తాడు, రొమేనియా వాడట, నేను మీ వెనకే వచ్చానమ్మా, మీ తోక పాములా నాట్యం చేసింది, నేను శిలువ గుర్తు వేసుకున్నాను, మీ కోసం ఒకసారి, నా కోసం ఒకసారి, లోపలేముంది, పడవా, విమానం అంది ఆల్మూట్, ఏదీ, లేదు, తెచ్చుకోవడానికే వెళ్తున్నా, విమానాన్ని కారుతో లాక్కురావడం ఇదే వినడం, విమానంతో పాటు మొగుడు కూడా ఉన్నాడు, వాణ్ణీ తీసుకురావాలి, లారీ మనిషి పగలబడి నవ్వాడు, మా ఆవిడ అయితే విమానాన్ని తెచ్చుకుని మొగుణ్ణి పొలంలోనే వదిలేసేది, ఆవిడా నవ్వింది, డబ్బా ఎత్తి గడ్డిలో పారబొయ్యబోతే, అయ్యో పారబొయ్యకండి, నాకివ్వండి, గిన్నెలు కడుక్కుంటాను, కాళ్ళు కడుక్కుంటాను అని రెండు తీసుకున్నాడు, మిగతా రెండూ తనే ఒంపేసి, ఖాళీ డబ్బాలు కారులో పడేసి, కొంచెం సూప్ తాగుతారా అన్నాడు, వద్దు నాయనా, భోజనం ఉంది నాకు అంది, మీకోసం ఎవరైనా ఇలా లాక్కెళ్ళడానికి వస్తారా అని అడగాలనిపించింది, అడగలేదు, అతని చేతి ఉంగరం వదులుగా ఉంది, చాలా రోజులుగా ఇంటి తిండి లేనట్టు.

ఇప్పుడు ట్రైలర్ పెళ్ళికూతురిలా నడుస్తోంది, తల దించుకుని, చెప్పిన మాట వింటూ, భోజనం ఉంది నాకు అంది కదా, ఆఖరి భోజనం, ఇవాళ ఏం చెబుతాడు, ఏమీ చెప్పకపోతే, ఆఖరిదని తెలిసి నేనే ఏదైనా అడగాలా, కొత్త గ్లైడర్ గురించి మాట్లాడి ఊరుకుంటాడేమో, రెక్కల పొడుగు, ఇంజన్ చప్పుడు, బిల్లు తెమ్మంటాడు, అయిపోతుంది, శనివారం నుంచి ఆయన ఎంత దూరం పోయినా తనంతట తనే వచ్చేస్తాడు, నేను కిటికీ దగ్గర మబ్బులు చూడక్కర్లేదు, మబ్బులు చూడకపోతే ఇంకేం చూడాలి, ఫోన్ మోగింది, ఏగోన్, క్లబ్బులో అందరికన్నా పెద్ద నోరు, గేర్నోట్‌కి నలభై ఏళ్ళ స్నేహితుడు, ఇవాళ ఆయనతో పాటే ఎగిరాడు, ఆల్మూట్, ఎక్కడున్నావు, వాడు దిగాడంటున్నారు, నిజమేనా, నిజమే, వెళ్తున్నాను, అదేమిటి, ఉట్టికెగరలేనమ్మనైన నేనే హాయిగా ఇంటికొచ్చి బీరు తాగుతుంటే వాడు దిగడమేమిటి, డాన్యూబ్ దగ్గర వాడు నాకన్నా పైన ఉన్నాడు, చాలా పైన, ఆ ఎత్తునుంచి కళ్ళు మూసుకున్నా క్లబ్బుకి వచ్చి పడొచ్చు, పైగా ముందంతా మబ్బులు పువ్వుల్లా విచ్చుకుని ఉన్నాయి, రేడియోలో పిలిచాను, నువ్వు పద, నేను వస్తాను అన్నాడు, చూస్తే వెనక్కి తిరిగాడు, వాడి ఒంట్లో బాగానే ఉందా, బాగానే ఉంది అంది ఆల్మూట్, మాట్లాడాను కదా, బాగానే ఉంది, ఫోన్ పెట్టేసింది.

బాగానే ఉందా, ఎలా తెలుసు, గాలి అయిపోయింది పిల్లా అన్నాడు, గొంతు మామూలుగానే ఉందా, కొంచెం మెత్తగా ఉందా, మెల్లగా రా అన్నాడు, ఎప్పుడూ అలా అంటాడా, కళ్ళు తిరిగాయేమో, ఎడమ చెయ్యి లాగిందేమో, డెబ్భై దాటినవాడు, వాళ్ళ నాన్న అదే వయసులో టమాటా మొక్కల మధ్య కూలిపోయాడు, పోయిన నెల కళ్ళజోడు ఫ్రిజ్‌లో పెట్టి ఇల్లంతా వెతికాడు, నవ్వుకున్నాం, నవ్వకూడదేమో, దారి మర్చిపోయాడేమో, ఆకాశంలో దారి మర్చిపోయిన ముసలాడు ఏం చేస్తాడు, కింద ఏది ఖాళీగా కనపడితే అందులో దిగుతాడు, పడతాడు, ఇన్నాళ్ళూ దిగిపోవాలి దిగిపోవాలి అని కోరుకున్నానే, దేవుడా అది కాదు నేను కోరింది, కాలు జోరు పెంచమంటోంది, పెంచకూడదు, ట్రైలర్ లాగేవాళ్ళకి కంగారుపడే హక్కు లేదు, మలుపు దగ్గర వెడల్పుగా తిరగాలి, లేకపోతే లోపలి చక్రం గట్టు ఎక్కుతుంది, ముందు ట్రాక్టరు నింపాదిగా పోతోంది, దాటి పోదామంటే ఇంత పొడుగు సరంజామాతో ఎదురుగా వచ్చేవాణ్ణి చంపాలి, దూరం ఉంచాలి, మామూలు కారుకి ఉంచేదానికి రెట్టింపు ఉంచాలి, సరే, సరే, నాయనా ట్రాక్టరూ, నీ పుణ్యముంటుంది పక్కకి తిరుగు, ఒక్కో ఊరు, ఒక్కో చర్చి, గోడల మీద పూల తొట్లు, సాయంత్రం ఎవరింటి ముందు వాళ్ళు కూర్చుని కాఫీ తాగుతున్నారు, ఇద్దరేసి, ఇద్దరేసి.

ఇంజన్ కొనుక్కోనీ, ఎన్నైనా కొనుక్కోనీ, భోజనాలూ వద్దు మాటలూ వద్దు, మాట్లాడకుండా పేపరు చదువుకోనీ నా ఎదురుగా, ఉప్పందించు అననీ, అది చాలు, ఊరు దాటాక ఎడమకి అని ఫోన్ చెప్పింది, ఇక పొలాలు, ఇక అసలు గండం మొదలు, ఏ బురదలో దిగాడో, ఏ కాలవ అవతలో, ఏ సందులోకి దూరి వెనక్కి నడపాలో, ఒంట్లో బాగోనివాడు చోటు ఎంచుకోగలడా, కారు నెమ్మది చేసి కళ్ళకి ఒక చెయ్యి అడ్డం పెట్టుకుని చూసింది, అదిగో, తెల్లగా, ఒక రెక్క నేలకి ఆనించి, పక్కనే మనిషి, నిలబడి ఉన్నాడు, నిలబడే ఉన్నాడు, టోపీ తీసి ఊపుతున్నాడు, ప్రాణం లేచొచ్చింది.

తారు రోడ్డు మీదనించే నేరుగా దారి ఉంది, కొత్తగా కోసిన గడ్డినేల, తివాచీలా చదును, గేటు ఇంత వెడల్పు, లోపల రైతు ట్రాక్టర్ల కోసం గుండ్రంగా సిమెంటు వేసిన పెద్ద చప్టా, ఒక పక్క నుంచి వచ్చి చుట్టూ తిరిగి ఇంకో పక్కనించి బయటికి పోవచ్చు, ఆవిడ లోపలికి వెళ్ళింది, చుట్టూ తిరిగింది, గ్లైడర్ పక్కనే ఆగింది, ఒక్క అడుగు కూడా వెనక్కి నడపక్కర్లేదు, చేతులు ఇంకా చక్రం మీదే ఉన్నాయి, ఇలాంటి చోటు ఈయనకి ముప్ఫై ఏళ్ళలో ఎప్పుడైనా దొరికిందా, దిగి మొహంలోకి చూసింది, రంగు బాగుంది, ఎడమ చెయ్యి పట్టుకుని చూసింది, వెచ్చగా ఉంది, ఏంటి అలా చూస్తావు, ఏం లేదు, తోకలో నీళ్ళ డబ్బాలు పెట్టావు, నన్ను చంపేసేవాడివి అంది, ఆయన మొహం పాలిపోయింది, నేనా, ఊగిందా, ఊగింది, ఏం చేశావు, ఏమీ చెయ్యలేదు అంది, ఆయన ఆవిడ భుజం మీద చెయ్యి వేసి అలాగే ఉంచాడు, బరువుగా, క్షమించు పిల్లా, పొద్దున మనసు మనసులో లేదు.

మనసు ఎందుకు లేదని అడగాలనుకుంటుంటే ఆయనే అటు తిరిగి గాలి అయిపోయింది అన్నాడు, ఇక్కడికి వచ్చేసరికి ఒక్కసారిగా చచ్చిపోయింది, ఏం చెయ్యను, దిగిపోయాను, ఆవిడ తలెత్తి చూసింది, పొలానికి సరిగ్గా పైన రెండు గద్దలు, రెక్క ఒక్కసారైనా ఆడించకుండా, గిరికీలు కొడుతూ పైకి, ఇంకా పైకి, ఆల్బ్ కొండల మీద చంటిపిల్లని అడిగినా చెబుతుంది దాని అర్థమేమిటో, గాలి చావలేదు, కింద నిలబడ్డ మనుషుల్ని కూడా ఎత్తుకుపోయేలా ఉంది, ఆయన కూడా తలెత్తాడు, గద్దల్ని చూశాడు, వెంటనే చూపు దించేసి రెక్క పిన్ను తీయడంలో పడ్డాడు, చెవులు ఎర్రబడ్డాయి, అవునవును, గాలి అస్సలు లేదు అంది ఆల్మూట్, ఎందుకు దిగావని తెచ్చేవాళ్ళు అడగకూడదు కదా, రెక్క కొస పట్టుకుంది, ఆయన మొదలు పట్టుకున్నాడు, ఇద్దరూ కలిసి లాగారు, ఒక అడుగు, ఇంకో అడుగు, ఇద్దరి మధ్యా తెల్లటి రెక్క అంత పొడుగున, అటువైపునించి ఆయన, వంచిన తల ఎత్తకుండా, చర్చి వెనక ఒక సత్రం ఉంది, తోటలో బల్లలు వేశారు, ఎరుపూ తెలుపూ గొడుగులు తెరిచి ఉన్నాయి, పైనించి చూశాను, బాగుంటుందనిపించింది, నీకు ఆకలేస్తోందా, అన్నాడు, ఆవిడ ఆగిపోయింది, గాలి అయిపోయినవాడు పైనించి ఏం చూస్తాడు, కరెంటు తీగలు చూస్తాడు, గట్లు చూస్తాడు, గడ్డి ఎంత ఎత్తుందో చూస్తాడు, నోరు ఎండిపోయి దిగే చోటు తప్ప లోకమే కనపడదని ఎన్ని బల్లల దగ్గర చెప్పాడు, గొడుగులు చూడడు, గేటు వెడల్పు చూడడు, ట్రైలర్ గుండ్రంగా తిరిగే చప్టా వెతుక్కుంటూ వెనక్కి రాడు, అబ్బ ఎంత హాయి అని తను నవ్వుతూ అన్న పొద్దున చేతిలో రొట్టెతో అలా చూసిన మనిషి, ఆకలేస్తోంది అంది ఆల్మూట్, చాలా, రెక్క కొస సర్దుకుని మళ్ళీ అడుగు వేసింది, ఇంట్లో ఆ చిన్న బల్లకి అటొకరూ ఇటొకరూ కూర్చుని, పేపరు చాటున ఒకరూ కిటికీ వైపు తిరిగి ఒకరూ, ఈ ఒక్క భోజనం కోసం ఇన్నేళ్ళూ కాచుకుని కూర్చున్నది తనొక్కతే కాదు.